తొమ్మిదో పుస్తకంలో శత్రువు

రాస్తన్నావా? నేనన్నది అన్నట్టు రాయాల. మజ్జన నీ బర్మా ముక్కలు కలిపీకు.

మీ తాత ఈ బర్మాలోనే పోర్టులో గుమస్తా. మందూ లేదు, పేకాటా లేదు. ఒకటే జబ్బు, ఇంగ్లీసు గూఢచారి నవలలు. ఒక దొర ఉంటాడు. పుస్తకం ఎనకాల పుస్తకం, లోకాన్ని కాపాడుకుంటా పోతాడు. మన దేశానికి మాత్రం రాడు. ఎలా వస్తాడు, సర్కారు తలుపులన్నీ మూసీసింది కదా! మాకు దొరికింది తొమ్మిదో పుస్తకం ఒక్కటే, పన్సోడాన్ వీధిలో పాత పుస్తకాలోడి కాడ. ముందరి ఎనిమిదీ లేవు. పదోది ఏ ఓడలోనైనా దిగుతాదేమోనని మీ తాత ఏళ్ళ తరబడి సూసినాడు. సబ్బులే దిగలేదు, పుస్తకాలు దిగుతాయేటి?

ఆ దొరకి రహస్యంగా తిరగడానికి కారు. మా వీధి గూఢచారికి సైకిలు కూడా లేదు పాపం. టీ కొట్లో కూకుని పేపరు తలకిందులుగా పట్టుకునీవోడు. పెబుత్వం మనిసని పిల్లలకి కూడా తెలుసు. "బాగున్నావా అకో" అని, అన్నని పిలిచినట్టు పలకరించి మరీ ఎల్లీవోళ్ళం.

మీ తాత అన్నం తింటా ఆ కత సెప్పీవోడు. విని విని నాకూ ఆ పురుగు పట్టింది. కాయితం దొరకని రోజులు, ఆ నవల అంచులే నా నోటుబుక్కు. పెన్సిల్తో రిపోర్టులు రాసీదాన్ని. ఎవరి మీద? మా అత్త మీద, మీ తాత తల్లి. పేరెట్టి రాస్తే బాగోదని "శత్రువు" అన్నాను. పెద్ద మర్యాదస్తురాల్ని మరి.

"శత్రువు పొద్దున్నే కోవెలకి ఎల్లింది. ముగ్గుర్ని కలిసింది." "శత్రువు వంటింటి సరిహద్దు దాటింది." "పాలడబ్బా కాళీ. శత్రువు మీదే అనుమానం."

పాలడబ్బా అంటే తియ్యటి గట్టి పాలు. అప్పట్లో అది ఇంట్లో ఉంటే పండగే.

ఇంతలో ఎనబై ఎనిమిది, ఎనిమిదో నెల, ఎనిమిదో తారీకున నాలుగెనిమిదుల గొడవొచ్చింది. జనం రోడ్ల మీదకొచ్చినారు. కాల్పులయినాయి, మిలటరీ గద్దెక్కి కూకుంది. ఆ ఎనకాల మా పజుండౌంగ్ పేటలో ఇల్లిల్లూ సోదా. పక్కింటి అల్లుణ్ణి "రెండు మాటలు అడిగి పంపుతాం" అని తీసుకెళ్ళినారు. ఇప్పటికీ అడుగుతన్నారు కాబోలు.

ఒక మజ్జాన్నం మా ఇంటికీ వచ్చినారు. ఒక ఆఫీసరు, ఇద్దరు తుపాకులోళ్ళు. నవల దొరికింది. అట్ట మీద దొర, సేతిలో పిస్తోలు. లోపల నా రాత.

మన అచ్చరాలూ, బర్మా అచ్చరాలూ రెండూ సున్నాలు సుట్టినట్టే ఉంటాయి కదా. ఆఫీసరు సదవబోనాడు. రాలేదు. పుస్తకం తిప్పి సూసినాడు. రాలేదు. బర్మా రాతలాగే ఉంది, బర్మావోడికే సదవడం రాలేదు. అంటే ఏటి? రహస్య లిపి! ఎంత తెలివి!

మొదటి పేజీలో ఇంగ్లీసులో మీ తాత పేరుంది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు, సేతులు ఎనక్కి కట్టీసినారు.

నాకు పక్కింటి అల్లుడు గుర్తొచ్చినాడు. "అది తెలుగు, రాసింది నేను" అన్నాను.

"అయితే సదివి, బర్మాలో సెప్పు."

మా అత్త ఎదురుగా మంచం మీద కూకుని ఉంది. ఆవిడికి రెండు బాసలూ వచ్చు, అదే నా కర్మ. సదివినాను. బర్మాలో సెప్తే ఇంకా గోరంగా ఉంది. "శత్రువు ముగ్గుర్ని కలిసింది" అనగానే ఆఫీసరు ముందుకి ఒంగినాడు.

"ఎవరీ శత్రువు?"

నేను అత్త కేసి సూసినాను. ఆడు మీ తాతని గుమ్మం కేసి తొయ్యమన్నాడు.

మా అత్త లేచింది. "నేనే బాబూ. నా కోడలికి నేనే శత్రువుని."

"మరి పాలడబ్బా? అది దేనికి గుర్తు?"

"దేనికీ కాదు నాయనా. నేనే తినీసినాను. సెంచాతో, డబ్బా మొత్తం."

పుట్టి బుద్దెరిగి తప్పు ఒప్పుకున్న మనిసి కాదే ఆవిడ! తుపాకోడొకడు కిసుక్కున నవ్వినాడు. ఆఫీసరు మా ఇద్దరి మొకాలూ మార్చి మార్చి సూసినాడు. ఆడింట్లోనూ ఇద్దరు ఉండుంటారు. కట్లు ఇప్పించీసినాడు. పుస్తకం మాత్రం పట్టుకుపోనాడు, దేశబద్రత కదా.

ఆళ్ళు ఎల్లగానే నేను అత్త కాళ్ళ మీద పడ్డాను. "పాలు తింటే తిన్నావులే అత్తా, నేనే పాపిస్టిదాన్ని."

"లేవే. నేనెక్కడ తిన్నాను?"

"మరి?"

ఆవిడ కొడుకు కేసి సూసింది. మీ తాత మణికట్టు రుద్దుకుంటా, కప్పు కేసి సూస్తన్నాడు. నా రిపోర్టులన్నీ సదువుతా, నెలల తరబడి నోరు మెదపలేదు!

"రాయవే, ఇప్పుడు రాయి శత్రువెవడో" అంది అత్త.

"దేని మీద రాయనత్తా? పట్టుకుపోనాడు కదా."

ఇదిగో, ఇన్నాళ్ళకి నీకు కాయితం ఉంది. పాలు తిన్నది తాతే అని రాయి. పెద్ద అచ్చరాలు పెట్టు.