పదికి తొమ్మిది

ఇంగ్లీషు మాస్టారు పోయారని చెల్లెలు సింగరాయకొండ నుంచి ఫోన్ చేసింది. మోకరించి ప్రార్థన చేసుకున్నాను. ముందుగా ఆయన కుడిచెయ్యే గుర్తొచ్చింది. ఆయన దగ్గర చదివినవాళ్లు మీలో ఉంటే ఆ వంకర వేళ్లు చూసే ఉంటారు. అడిగితే దెబ్బ తగిలిందనేవారు. ఎవరు కొట్టారో చెప్పేవారు కాదు.

పిల్లలు రాసిన కథల మీద మాస్టారు ఎర్రసిరా పెట్టేవారు కాదు, పెన్సిలే. గైడు చూసి రాస్తే ఎంత బాగున్నా మూడు మార్కులు దాటేవి కావు. "తప్పులుంటే దిద్దుతాను. నువ్వు చూడంది రాస్తే నేనేం దిద్దను?" అనేవారు.

తొమ్మిదో తరగతిలో చెల్లి 'మా ఇంట్లో ఒక సాయంత్రం' రాసింది. నాన్న అమ్మను జుట్టు పట్టుకుని మిరప కల్లంలోకి ఈడ్చడం, పారకు బిగించే కర్ర కామతో కొట్టడం, అమ్మ నుదురు పగలడం. వచ్చీరాని ఇంగ్లీషే. ఆరబోసిన కాయల మీద పడిన రక్తం కనపడలేదని ముగించింది. మాస్టారు పదికి తొమ్మిది వేశారు.

పేపరు మీద తండ్రి వేలిముద్ర కావాలి. నాన్నకు చదువు రాదు, అంకెలు తెలుసు. తొమ్మిది చూసి మురిసిపోయి, పొద్దున్నే టీకొట్టు దగ్గర నలుగురికీ చూపించాడు. ఒకాయన దాన్ని తెలుగులో చెప్పి వినిపించాడు. అందరూ నవ్వారట.

నాన్న ఇంటికొచ్చి చెల్లిని నోట్లోంచి రక్తం వచ్చేదాకా తన్నాడు. పేపరు, కామ పట్టుకుని బడికి నడిచాడు. వెనకే నేను పరిగెత్తాను.

"పెన్సిలేగా. చెరిపి సున్నా పెట్టు. అంతా అబద్ధమని రాయి."

"అబద్ధమాండీ?" అన్నారు మాస్టారు.

నాన్న నావైపు తిరిగాడు. "చెప్పవే పెద్దదానా."

"నిజమే మాస్టారూ" అన్నాను.

కామ నా తల మీదికి లేచింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్లు విరిగిన చప్పుడు క్లాసంతా విన్నది.

మాస్టారు కూర్చున్నారు. హాజరుపట్టీ దగ్గరున్న ఎర్రపెన్ను ఎడమచేత్తో తీసుకుని, పెన్సిల్ తొమ్మిది మీద మళ్లీ దిద్దారు.

"ఇక చెరగదండీ" అన్నారు నాన్నతో.

నాన్న కొట్టడం మానలేదు. తలుపులేసి కొట్టేవాడు. మాస్టారు మాత్రం ఇంకెప్పుడూ కథలను ఇళ్లకు పంపలేదు. "అది నా తప్పమ్మా" అన్నారు నాతో, చేతికి కట్టుతో.

చెల్లి ఇప్పుడు ఇంగ్లీషు టీచరు. సమాధి దగ్గరికి ఆ పేపరు తెచ్చింది. మడతలు చిరిగాయి. కింద తిన్నగా ఉన్న పెన్సిల్ తొమ్మిది వెలిసిపోయింది. దాని మీద, అప్పుడే రాయడం నేర్చిన పిల్లాడు దిద్దినట్టు, వణికిన ఎర్ర తొమ్మిది.