సీలు వేసిన పెట్టె

1999 జూన్‌లో గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగా చేరాను. అంతకుముందు పనిచేసిన పొగాకు కంపెనీ మూతపడింది. నాకప్పటికే యాభై దాటాయి. ఏడాది ప్రొబేషను. ఆఫీసు పనిని కంప్యూటర్ మీదికి మార్చి, మిర్చి సీజన్ సాఫీగా దాటిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. స్టోరేజీ ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు మొదటి రోజే ఆ మాట చెప్పేశారు. ఇంటర్వ్యూలో నేను కంప్యూటర్ల మధ్యే బతికినట్టు చెప్పుకున్నాను మరి. నిజానికి పొగాకు కంపెనీలో కంప్యూటర్ గదిలోకి నన్ను రానిచ్చేవారు కాదు. అద్దం బయట నిలబడి చూసేవాణ్ణి.

అప్పట్లో కంప్యూటర్ కొనడానికి రెండు దార్లు. పేరున్న కంపెనీ తయారుచేసినది తెచ్చుకోవడం ఒకటి. విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగించుకోవడం రెండోది, దాన్ని అసెంబుల్డ్ అనేవాళ్ళం. అరండల్‌పేటలో షాపున్న మస్తాన్‌వలీ తను బిగించినది తెచ్చాడు. కంపెనీ పెట్టెతో టై కట్టుకున్న ఏజెంటు వచ్చాడు. రెండూ ప్రెసిడెంటు గారి బల్ల మీద పక్కపక్కన పెట్టించాను.

ప్రెసిడెంటు గారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. మిర్చి బస్తాను మేం టిక్కీ అంటాం. మూతి విప్పి, అడుగు నుంచి గుప్పెడు కాయలు లాగి, ఒకటి విరిచి చూడనిదే టిక్కీకి ధర చెప్పరు. పైన ఎర్రకాయ పేర్చి, అడుగున రంగు పోయిన తాలుకాయ నింపేవాళ్ళుంటారు. ఆయన కంప్యూటర్‌నూ అలాగే చూశారు.

“విప్పవయ్యా,” అన్నారు.

మస్తాన్ పక్కరేకు లాగేశాడు. “ఇది మెదడు సార్. ఇదేమో జ్ఞాపకం.”

“జ్ఞాపకం ఇంతేనా? మా ఆవిడైతే పెళ్ళినాటి సంగతులు కూడా తీస్తుంది!”

ఏజెంటు మాత్రం స్క్రూ మీద అతికించిన సీలు చూపించాడు. “ఇది చిరిగితే మూడేళ్ళ వారంటీ పోతుందండి.”

“కొన్న సరుకు మూడేళ్ళు విప్పి చూసుకోకూడదా? ఏం దాచావయ్యా లోపల?”

కంపెనీదే కొందామని నేను సిఫారసు చేశాను. నాణ్యత గురించి అరగంట ఉపన్యసించాను. అందులో సగం ఏజెంటు ఇచ్చిన కరపత్రంలోదే. అసలు కారణం వేరు. అసెంబుల్డ్ ఆగిపోతే తప్పు నాది, కంపెనీది ఆగిపోతే తప్పు కంపెనీది. ప్రెసిడెంటు గారు అయిష్టంగానే సంతకం పెట్టారు.

“మళ్ళీ పిలుస్తార్లెండి సార్,” అని మస్తాన్ తన పెట్టె సర్దుకున్నాడు.

మార్చిలో పిలవాల్సే వచ్చింది. మా ఆఫీసు కాటా పక్కనే. టిక్కీలు దించినప్పుడల్లా కారం దుమ్ము కిటికీలోంచి లోపలికొచ్చేది. సీజన్ నడిమధ్యలో కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోవడం మొదలుపెట్టింది. సరుకు దాచుకున్న రైతుకు మేమిచ్చే రసీదును బాండు అంటారు. అది చూపిస్తేనే బ్యాంకులో అప్పు పుడుతుంది. చేతిరాత బాండ్ల పద్ధతిని నేనే ఉత్సాహంగా అటకెక్కించాను.

“ఏవయ్యో మేనేజరూ! కాయలు లోపలేసుకుని కాగితం ఇవ్వవేంటి?” అని గేటు దగ్గర ఒకటే కేకలు.

కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచి వచ్చి, సీలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిరిగి ఉంది. ఇక వారంటీ వర్తించదని చెప్పి బస్సెక్కాడు. నా ఉద్యోగం కూడా అదే బస్సెక్కిందనుకున్నాను.

సీలు ఎవరో చింపారని ప్రెసిడెంటు గారితో చెప్పాను.

“ఎవరో ఏంటయ్యా, నేనే. దించిన రోజే విప్పి చూసుకున్నా.”

“లోపలేం కనబడిందండీ?”

“నాకేం తెలుసు? తాలైతే లేదు.”

పోయే వారంటీ ఎలాగూ పోయింది కాబట్టి మస్తాన్‌కు కబురు పెట్టాం. రేకు తీస్తే ఫ్యాను రెక్కల నిండా ఎర్రటి కారం పేరుకుని ఉంది. అతను ఊదాడు. గదిలో ఉన్నవాళ్ళమంతా తుమ్మాం, ప్రెసిడెంటు గారు అందరికంటే గట్టిగా.

“అప్పుడు వద్దన్నారు, ఇప్పుడేమో కళ్ళల్లో కారం కొడుతున్నారు సార్,” అన్నాడు మస్తాన్ కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రానికి బాండ్లు మళ్ళీ మొదలయ్యాయి. బల్లను కిటికీకి దూరంగా జరిపాం. సీజన్ ముగిసేదాకా మస్తాన్ వారం వారం వచ్చి దుమ్ము దులిపి వెళ్ళాడు.

జూన్‌లో నన్ను ఖాయం చేశారు. నా సమర్థత చూసి చేశారని బంధువులందరికీ చెప్పుకున్నాను. సీలు చింపింది తానే గనక ప్రెసిడెంటు గారు నన్నేమీ అనలేకపోయారన్నది అసలు సంగతి.

ఆ తర్వాత జనరేటరు కొన్నా, కాటా మార్చినా, ధర కంటే ముందు రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి: దీన్ని విప్పి చూడనిస్తారా? పాడైతే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? కొత్త మేనేజర్లకు వీటిని నా సూత్రాలుగా బోధించాను. మొదటిది ప్రెసిడెంటు గారిది. రెండోది మస్తాన్‌ది. ఉపన్యాసం మాత్రం నాదే.