ఆ ఖాళీ సీడీ తప్పు సోమన్నది కాదు

నిన్న పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగింది. సోమన్న తమ్ముడు.

"అక్కా, అన్న పోయినాడు" అన్నాడు.

ఏ అన్న అని అడిగాను. పిచ్చిదాన్ని. తెలిసే అడిగాను.

ఛాతీలో నొప్పి అన్నాడట. కారులో వైజాగ్ తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డు దిగకముందే అయిపోయింది.

ఈరోజు ఉదయం అరకులో చర్చి వెనక మట్టి చేశాం. ఇంటికొచ్చి స్నానం చేసి ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

సోమన్న ఎవరో తెలియనివాళ్ళ కోసం. 2002 ప్రాంతంలో మా మిషన్ స్కూల్లో కంప్యూటర్ సార్. నేను అక్కడే టెంపరరీ టీచర్ని. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. గుంట అంటే మా వైపు చిన్నపిల్ల. నాకు నలభై దాటినా నన్ను "గుంటా" అనే పిలిచేవాడు.

ఆ రోజుల్లో స్కూలుకి ఎవరో ఒక పాత కంప్యూటర్, దానితో ఒక సీడీ రైటర్ ఇచ్చారు. విండోస్ లేదు. ఒక మ్యాగజైన్‌తో వచ్చిన సీడీ పెట్టి సోమన్నే లైనక్స్ ఎక్కించాడు. సీడీలు రాసే cdrecord అనే సాఫ్ట్‌వేర్ మాత్రం అందులో లేదు. దానికి మౌస్‌తో పనిలేదు, అంతా టైపు చేసే కమాండ్లే.

అరకులో అప్పుడు నెట్ ఎక్కడిది?

మధ్యాహ్నం కిరండూల్ పాసింజర్ ఎక్కి వైజాగ్ వెళ్ళేవాడు. నెట్ సెంటర్లో దాన్ని ముక్కలు చేసి ఫ్లాపీల్లోకి ఎక్కించుకుని మర్నాటి బండికి వచ్చేవాడు. తీరా చూస్తే ఒక ఫ్లాపీ చదవదు. మళ్ళీ బండి. మూడోసారి ఫ్లాపీలు అన్నం డబ్బాలో పెట్టి, దారంతా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడట. టైడా స్టేషన్లో టీకి కూడా దిగలేదట.

ఇన్‌స్టాల్ అయింది. అయ్యాక రైటర్ కంప్యూటర్‌కి కనబడలేదు. అది వేరే రకం డ్రైవ్ అని లైనక్స్‌ని నమ్మించాలి, అందుకు బూట్ ఫైల్లో ఒక్క లైను చేర్చాలి. ఆ ఒక్క లైనూ తెలియడానికి వారం పట్టింది. ఓరోజు మా రైటర్ పేరు స్క్రీన్ మీద పడింది.

"బేగి రా గుంటా, అవుపించీసింది!" అని ఒక్క అరుపు. ప్రేయర్‌లో ఉన్న హెడ్‌మిస్ట్రెస్ కూడా పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత ఊళ్ళవాళ్ళు పాత క్యాసెట్లు పట్టుకొచ్చేవాళ్ళు. పెళ్ళిపాటలు, ప్రసంగాలు, పోయినవాళ్ళ గొంతులు. మా కొండల చెమ్మకి క్యాసెట్లు బూజు పడతాయి. వాటిని సీడీల్లోకి ఎక్కించి ఇచ్చేవాడు.

ఖాళీ సీడీలు దొరకడం కష్టం. అందుకే ముందు కమాండ్‌లో డమ్మీ అనే మాట పెట్టి ఉత్తుత్తిగా రాయించేవాడు. సీడీ మీద ఏమీ పడదు, మిగతాదంతా నిజంలాగే నడుస్తుంది. అది సరిగ్గా సాగితే ఆ మాట తీసేసి అసలుది రాసేవాడు.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం.

జానికమ్మ గారని, కాఫీ తోటల దగ్గరి పెద్దావిడ. మా కొండల థింసా ఆటకి వాళ్ళాయన పాడిన పాటల క్యాసెట్ తెచ్చారు. ఆయన పోయి ఏడాది. ఆ గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

కంప్యూటర్లోకి ఎక్కించడం అయ్యీ అవగానే టేప్‌రికార్డర్ ఆ టేపుని నమిలి ముక్కలు చేసింది. పర్లేదు, ఫైళ్ళు ఉన్నాయిగా అన్నాడు సోమన్న.

డమ్మీ బాగానే సాగింది. ఇంతలో అతనికి క్లాసు బెల్లు కొట్టారు.

"పైబాణం నొక్కు, డమ్మీ తీసీ, ఎంటర్ కొట్టీ. అంతే గుంటా" అని నాకు అప్పజెప్పి వెళ్ళాడు.

పైబాణం నొక్కాను, ఇందాకటి కమాండే మళ్ళీ వచ్చింది. ఎంటర్ కొట్టాను.

డమ్మీ తీయలేదు.

సీడీ బయటికొచ్చింది. దాని మీద పెద్దాయన పేరు అందంగా రాశాను. తర్వాతి క్యాసెట్‌కి కంప్యూటర్ డిస్క్‌లో చోటు కావాలని ఆ పాటల ఫైళ్ళు తుడిచేశాను.

శుక్రవారం సంతకొచ్చి జానికమ్మ గారు సీడీ అడిగారు. ప్లేయర్లో పెట్టాం. ఏమీ లేదు.

సోమన్న నన్ను లోపలికి తీసుకెళ్ళి, కొట్టిన కమాండ్లన్నీ తెరిచాడు. చివరి వరసలో డమ్మీ. ఇద్దరం చూశాం. అతను స్క్రీన్ ఖాళీ చేసి, బయటికెళ్ళి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. "మా ముసలోడ్ని రొండోసారి సంపేసినావు గదా బాబూ" అన్నారు.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నోరు తెరవలేదు.

తర్వాత ఎందుకలా చెప్పావని అడిగితే, "నీది టెంపరరీ ఉజ్జోగం గుంటా, తీసేత్తారు. నాకేటవుద్ది?" అన్నాడు.

నీకు చాలానే అయింది సోమన్నా.

క్యాసెట్లు తెచ్చేవాళ్ళు ఆగిపోయారు. సంతలో ఆవిడ కనబడితే నువ్వు పక్క సందులోకి తప్పుకునేవాడివి. "విన్నాకే తుడవాలి" అని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించావు. ఎవరి కోసం అంటించావో మనిద్దరికే తెలుసు.

నేను పర్మనెంట్ అయ్యాను. ప్రతి క్రిస్మస్‌కీ మీ ఇంటికొచ్చి కేక్ తిన్నాను. ఆ మాట మాత్రం ఎత్తలేదు. నువ్వూ ఎత్తలేదు.

ఈరోజు సమాధి దగ్గర నా వెనక ఎవరో అంటున్నారు. "మంచోడే గానీ, జానికమ్మ మొగుడి పాటలు పాడుసేసినోడు ఈయనే గదా."

చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. అప్పుడు కూడా వెనక్కి తిరిగి చెప్పలేదు. ఇన్నేళ్ళైనా నా పిరికితనం పోలేదు, సిగ్గుగా ఉంది.

అందుకే ఇక్కడ, అందరూ చూసేలా రాస్తున్నాను. ఆ సీడీ ఖాళీగా మిగిలింది నా వల్ల. పాటలు తుడిచింది నేను. సోమన్న కాదు.

జానికమ్మ గారు ఇంకా ఉన్నారు. చూపు పోయింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. ఆవిడ మనవరాలు నా ఫ్రెండ్స్ లిస్ట్‌లో ఉంది.

తల్లీ, ఇది మీ నాన్నమ్మకి చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకుండా. ఆదివారం నేనే వస్తాను. ఆవిడ ఏమన్నా పడతాను.

సోమన్నా, నా బరువు చాలాకాలం మోశావు. ఇక దించెయ్యి.

నిమ్మళంగా పడుకో. నీకు శాంతి దొరకాలి.

నీ గుంట.