మేమంతా ఒప్పుకున్నామట

కౌన్సిల్ మీటింగు నాడు నేనూ మా వదినా ఒకే ఆటోలో వెళ్ళాం. మా బస్తీ వెనక మూతపడిన డంపింగ్ యార్డు మీద ఆటల పార్కు కట్టాలా వద్దా అన్నది ఆ రోజు చర్చకు వస్తుందని మా కార్పొరేటర్ కబురు పెట్టాడు. నాకు ఆ పార్కు కావాలి. ఆ నేల సంగతి తేల్చకుండా పిల్లల్ని దాని మీదికి తోలడానికి వీల్లేదని వదిన పట్టు. అయినా వేరువేరుగా పోదామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. రాంగోపాల్‌పేట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆమె సంచీలోంచి నీళ్ళ సీసా తీసి ముందు నాకే ఇచ్చింది.

వదిన అంటే మా ఆయన అక్క. వాళ్ళ నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే పుట్టింది, మాట కూడా పూర్తిగా ఇక్కడిదే. నేను ఏలూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. పద్మారావు నగర్‌లో ఒక ఆడపిల్లల స్కూల్లో పీటీ టీచర్‌ని. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ రెండిళ్ళ వెనకాల డంపు.

డంపు పక్కన కాపురముండని వాళ్ళు వాసన గురించి అడుగుతారు. వాసనకు ముక్కు అలవాటు పడుతుంది. పొగకు ఊపిరితిత్తులు అలవాటు పడవు. ఎండాకాలం వచ్చిందంటే ఆ గుట్ట దానంతట అదే లోపల్లోపల అంటుకుని వారాల తరబడి పొగ కక్కేది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కునేవాళ్ళం. కిటికీలకు తడిపిన దుప్పట్లు కట్టి, ఫ్యాన్లు ఆపి, లోపల చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం.

వదిన భర్తను నేను అన్నయ్యగారు అనేదాన్ని. మా చర్చి క్వయర్‌లో ఆయనది కింది స్థాయి గొంతు. ఆయన పాడుతుంటే ముందు వరుస బల్ల మీద చెయ్యి పెడితే చెక్క అదురుతున్నట్టుండేది. ఆయనకు దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం. చివరి క్రిస్మస్‌కు క్వయర్‌లో నిలబడ్డారు కానీ పుస్తకం పట్టుకుని పెదాలు మాత్రం కదిపారు. ఎదురుగా కూర్చున్న మా అందరికీ అది తెలుస్తూనే ఉంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మొదటి ప్రశ్న సిగరెట్లు తాగుతారా అనే. ఒకసారి ఆయన నవ్వి, "నేను తాగలేదు డాక్టర్‌గారూ, నాకు తాగించారు" అన్నారు. డాక్టరు తలెత్తకుండా మందులు రాశాడు.

ఆయన పోయాక కొంతకాలానికి డంపు మూసేశారు. మేము ఏళ్ళ తరబడి పెట్టుకున్న మొర విని కాదు. అటువైపు పెద్ద అపార్టుమెంట్లు లేచాయి, వాళ్ళ బాల్కనీల్లోకి పొగ పోయింది. అంతే, లారీలు ఆగిపోయాయి. గుట్టను చదును చేసి, పైన ఎర్రమట్టి పరిచి, లోపలి గ్యాసు పోవడానికి అక్కడక్కడా గొట్టాలు పాతి వెళ్ళిపోయారు. రెండు వానలకు గడ్డి మొలిచింది. గేదెలు వచ్చి మేశాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు చూపిస్తే పచ్చిక బీడు అనుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. మా స్కూలుకు గ్రౌండు లేదు. ప్రార్థన కూడా వరండాలోనే. పిల్లలకు ఖోఖో నేర్పాలంటే స్కూలు వెనక సందే గతి. ఒక చివర కరెంటు స్తంభం, రెండో చివర ఎవరిదో గేటు స్తంభం, మధ్యలో వరసగా నిలబెట్టిన బండ్లు. ఆ సందులోనే ఆడి మా పిల్లలు జోనల్ పోటీలకు వెళ్ళేవాళ్ళు. అక్కడ నిజమైన మైదానం చూసి ఎంత దూరం పరిగెత్తాలో అంచనా తెలియక ఓడిపోయేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆటలో దాన్ని ముట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఒక రోజు సందులోకి మలుపు తిరిగిన స్కూటర్‌ను తప్పించుకోబోయి బండి స్టాండు మీద పడింది. మోకాలి చిప్ప చిట్లింది. ఆపరేషన్ అయ్యాక వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి, ఇక ఆటలొద్దు టీచర్ అని చెప్పి వెళ్ళింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

అందుకని కార్పొరేటర్ కమ్యూనిటీ హాల్లో బస్తీవాళ్ళను కూర్చోబెట్టి, డంపు మీద పార్కు, ట్రాకు, లైట్లు అని చెప్తుంటే నా గుండె కొట్టుకున్న తీరు నాకే వినిపించింది. పార్కు కావాలని అందరికంటే ముందు లేచి చెప్పింది నేనే. వదిన నా వెనకే లేచి, కింద ఏముందో, ఏ గ్యాసు వస్తోందో పరీక్ష చేయించారా అని అడిగింది. అన్నీ చేయిస్తానన్నాడు కార్పొరేటర్.

ఇంటికొచ్చాక వదిన మా వంటింటి గడపలో నిలబడింది.

"పీటీ టీచర్‌వి గదా. పిల్లలు ఉరుకుతుంటే గాలి ఎంత లోపలికి గుంజుతరో నీకు తెల్వదా?"

"మరి బండ్ల కింద పడమంటారా వదినా?" అన్నాను.

"నేను వద్దంటలేను. జెర చూసి కట్టుమంటున్న. గదే."

మా ఆయన అక్కకూ నాకూ మధ్య తనను లాగొద్దని టీవీ సౌండు పెంచుకున్నారు. కానీ లాగవలసిన అవసరం రాలేదు. ఆమె అడిగినదాంట్లో కాదనడానికి నాకేమీ కనబడలేదు. తర్వాతి బస్తీ మీటింగులో ఇద్దరం ఒకే మాట చెప్పాం. ముందు పరీక్ష, తర్వాత పార్కు. కౌన్సిల్‌లో అదే చెప్తానని కార్పొరేటర్ అందరి ముందూ మాటిచ్చాడు.

ఆటో దిగి వెళ్ళి కౌన్సిల్ హాల్లో పై గ్యాలరీలో కూర్చున్నాం. కింద ఉన్న పెద్దలు మా పార్కు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాక చాలాసేపటి వరకు దానికి ఎవరి పేరు పెట్టాలన్నదాని గురించే మాట్లాడుకున్నారు. ఒక పక్షం వాళ్ళు తమ నాయకుడి పేరన్నారు. రెండో పక్షం వాళ్ళు తమ నాయకుడి పేరన్నారు. ఒకాయన కాగితాలు చింపి గాల్లోకి విసిరాడు. ఇంకొకాయన తన డివిజన్‌లో కూడా చెత్త ఉందనీ, అక్కడెందుకు కట్టరనీ గొంతు చించుకున్నాడు. ఆ పార్కులో గెలిచినవాళ్ళకు మెడల్స్ బదులు ముక్కుకు క్లిప్పులివ్వాలని మరొకాయన అన్నాడు. హాలంతా నవ్వింది. నేను వదిన వైపు చూడలేకపోయాను.

అప్పుడు మా కార్పొరేటర్ లేచాడు.

"మా బస్తీ ప్రజలంతా ఒప్పుకున్నరు. ఒక్కలు సుత వద్దనలే. గా డంపు పొగకు ఇంటాయన్ని పోగొట్టుకున్న తల్లి సుత ఇయ్యాల మనల్ని ఆశీర్వదించనీకి వచ్చింది. అగో, పైన కూసున్నది."

తలలన్నీ పైకి తిరిగాయి. బల్లలు చరిచారు.

వదిన లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజూ గట్టిగా మాట్లాడలేదు. "నేను ఒప్పుకోలే. టెస్టు చెయ్యమన్న" అంది. కిందివాళ్ళకు ఆమె పెదాలు కదలడమే కనబడి ఉంటుంది. దీవిస్తోందనుకున్నారేమో, ఇంకోసారి బల్లలు చరిచారు.

ఇంతలో వెనక నుంచి సిబ్బంది ఒకాయన వచ్చి, గ్యాలరీలో మాట్లాడకూడదు, బయటికి రమ్మన్నాడు.

"నా మీద అబద్ధం చెప్పొచ్చు గానీ నేను మాట్లాడొద్దా?" అని అడిగింది వదిన.

రూలు అది అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే హాల్లోంచి ఆమోదం, ఆమోదం అన్న కేకలు, బల్లల చప్పుడు వినబడ్డాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను అడుగుతూ వచ్చిన గ్రౌండు మంజూరైంది. ఆ క్షణాన నేను ఒక ముసలి మనిషి కాలు జారకుండా మెట్లు చూసుకుంటున్నాను.

బయటికి వచ్చిన కార్పొరేటర్‌ను నిలబెట్టి అడిగాను. ఆయనేం సిగ్గుపడలేదు. "పాస్ గావాలంటే గట్లనే చెప్పాలె టీచర్. టెస్టు అన్నమంటే ఫైలు మళ్ళ మొదటికి వస్తది" అన్నాడు. వదిన ఆయన్ను చూడనైనా చూడలేదు. ఇల్లు చేరేదాకా ఆటోలో బయటికే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "సచ్చిపోయినాయన్ని సుత వాడుకున్నరు" అంది.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి పని చకచకా అయింది. పేరు రాసిన బోర్డు ట్రాకు కంటే ముందే నిలబడింది. పరీక్షల సంగతి అడిగిన ప్రతిసారీ అయినయి అన్నారు. ఎప్పుడు, ఎవరు చేశారు, ఏం తేలింది అంటే పెద్దసారు వచ్చాక చెప్తామన్నారు. ఆ పెద్దసారు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రారంభోత్సవానికి మా పిల్లలను పూలపళ్ళేలతో మిట్టమధ్యాహ్నం దాకా నిలబెట్టారు. ఆ తర్వాత పొద్దుటి వేళలు ఒక క్రికెట్ అకాడమీకి, సాయంత్రాలు అద్దెకు ఆడుకునేవాళ్ళకు పోయాయి. బస్తీ పిల్లల కోసమని సాధించిన గ్రౌండులో మా స్కూలుకు దక్కింది మధ్యాహ్నపు ఎండ.

అయినా తీసుకెళ్ళాను. మొదటి రోజు పిల్లలు చెప్పులు విడిచి ట్రాకు మీద పెట్టిన పరుగు నేను మరిచిపోలేను. అడ్డం లేని నేల మీద పరిగెత్తడం వాళ్ళకు కొత్త. ఆగాలని తోచక గుండ్రంగా తిరుగుతూనే ఉన్నారు. ఆ ఒక్క మధ్యాహ్నం నేను గెలిచాననే అనుకున్నాను.

వానలు పడ్డాక ట్రాకు ఒక పక్క కుంగింది. నిలిచిన నీళ్ళలో బుడగలు లేచేవి, కుళ్ళిన గుడ్ల వాసన. ఆట అయ్యాక తలనొప్పి అని ఒకరిద్దరు అన్నారు, ఎండ అనుకున్నాం. ఒక రోజు ఏడో తరగతి పిల్ల పరుగు మధ్యలో ఆగి, వాంతి చేసుకుని, అక్కడే కూలబడింది. ఎత్తుకుని క్లినిక్‌కు పరిగెత్తాను. తిండి సరిగా తినదేమో అన్నారు. తర్వాతి వారం ఇంకో పిల్ల. ఇక తీసుకెళ్ళనని హెడ్మిస్ట్రెస్‌కు చెప్పేశాను. వాడుకోకపోతే మన టైము పోతుందని ఆవిడ బాధ.

కార్పొరేటర్ ఆఫీసుకు వెళ్ళాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఓపిగ్గా విన్నాడు.

"గ్రౌండు అడిగింది మీరే గదా టీచర్. ఇప్పుడు మీరే బాగలేదంటే నేనేం జెయ్యాలె? మీ వదినె సుత ఒప్పుకున్నది. కౌన్సిల్ రికార్డుల ఉన్నది" అన్నాడు.

ఆ టీ నేను తాగలేదు. ఇంటికొచ్చి ఈ మాటలు వదినకు చెప్పాను. చెప్తే వినలేదే అని ఆమె అనొచ్చు, అనే హక్కు కూడా ఉంది. అనలేదు. "పిల్లకెట్లున్నది?" అని మాత్రం అడిగింది. మర్నాడు ఇద్దరం ఆ రెండో పిల్ల ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ మమ్మల్ని లోపలికి పిలవలేదు. గుమ్మంలోనే నిలబడి బాగానే ఉందని చెప్పి తలుపు వేసుకుంది.

కుంగిన చోట ఇంకా కుంగాక పార్కు గేటుకు తాళం పడింది. మరమ్మతులని అట్ట ముక్క కట్టారు, అది వానకు తడిసి రాలిపోయింది. మా స్కూల్లో ఖోఖో జట్టు లేదు. ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేశారు, పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే నేను కాపలా కూర్చుంటాను. ఈ మధ్య తిరుమలగిరి దారిలో ఒక ఖాళీ స్థలం చూసి, వారానికి ఒక్క పూట అయినా మా పిల్లలకు ఇవ్వమని అడగడానికి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఆఫీసరు మర్యాదగా విని, కంప్యూటర్లో ఏదో చూసి, మీ డివిజన్‌కు ఇప్పటికే ఒక పార్కు ఇచ్చేశాం కదమ్మా అన్నాడు.