మా మరిది నేర్పిన బెదిరింపు

నిన్న మనవడు కోస్గి అంగడి నుంచి బుట్టెడు సీతాఫలాలు తెచ్చాడు. తిని, గింజలను పళ్ళెంలో వరుసగా పేర్చడం మొదలుపెట్టానట. "నాయినమ్మా, ఏం చేస్తున్నవ్?" అని వాడు అడిగేదాకా నాకే తెలియలేదు. నల్లగా నిగనిగలాడే ఆ గింజలను చూస్తే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు. అది మా మరిది అంటించిన జబ్బు.

మా మరిది నైజాం పల్టన్‌లో చేరి మలయా పోయి, అక్కడ యుద్ధంలో జపానువాళ్ళకు చిక్కాడు. నాలుగేండ్లు ఉత్తరం లేదు. అందరూ ఆశ వదులుకున్నా మా అత్త మాత్రం వీధి దర్వాజకు గడియ వేయనివ్వలేదు. "పిలగాడు ఎప్పుడొస్తడో" అనేది. కుక్క దూరి పెరుగుకుండ ఖాళీ చేసిన ప్రతిసారీ తిట్లు కొత్తకోడలినైన నాకే. చివరికి అతను వచ్చాడు, బక్కచిక్కి బొక్కలు తేలి, ఒక రేకు సందూకపెట్టెతో. మనిషి వచ్చాడు గాని కుదురు రాలేదు. కూర్చుంటే మోకాలు ఆడేది, నిలబడితే చూపు బాటమీద ఉండేది.

అతన్ని కాసేపు కూర్చోబెట్టేది ఒక్క ఆటే. ఖైదీగా పనికి పోయిన ఊళ్ళో దొంగచాటుగా తిండి పెట్టిన చీనా ముసలాయన, చెప్పులు కుట్టేవాడు, నేర్పాడట. మా మరిది అరుగుమీద బొగ్గుతో గళ్ళు గీసేవాడు. నాకు సీతాఫలం గింజలు, తనకు చేనులో ఏరిన తెల్ల పలుగురాళ్లు. చుట్టూ ముట్టడిస్తే లోపలిది పోయినట్టే. అందులో జపానువాళ్ళు "కో" అనే ఒక తిరకాసు ఉంది. ఒక్క గింజ జాగా కోసం ఇద్దరూ కొట్లాడుతున్నప్పుడు, నేను అతని రాయిని తీస్తే అతను వెంటనే నా గింజను తీయకూడదు. ముందు వేరేచోట ఒకటి వేసి నన్ను బెదిరించాలి. నేను అటు సర్దుకోవడానికి పోతేనే అతను ఇటు వచ్చి జాగా పట్టుకుంటాడు. నేను పోకపోతే అతని పని అయిపోయినట్టే.

"ఊకె బెదిరిస్తె గాదు వదినా," అనేవాడు. "అవతలోడు ఉలిక్కిపడాలె. నువ్వు నిజంగ చేసేదై ఉండాలె."

ఇంట్లోనూ ఇదే ఆట నడిచేది. మళ్ళీ మలయా పోయి ఆ ముసలాయన బతికున్నాడో లేడో చూడకపోతే పానం నిలవదని మరిది పొద్దున్నే అటక మీది సందూక దించేవాడు. అత్త మా ఆయనతో మళ్ళీ ఎక్కించేది. మర్నాడు మళ్ళీ దిగేది. అత్త అన్నం ముట్టనంది, నడిచి శ్రీశైలం పోతానంది. బావిలో దూకుతానన్న రోజు మరిది, "ఎట్లాగూ పోతున్నవ్ గద, గీ బిందె గూడ తీస్కపో" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, అత్తమీద జాలీ వేసింది. జొన్నలు విసురుతూ నెమ్మదిగా చెప్పాను: "అత్తమ్మా, నువ్వు చెయ్యనియి చెప్తున్నవ్. గందుకే ఆయనకు ఫికర్ లేదు. చేసేది ఒక్కటి చెప్పు." అత్త విసుర్రాయి ఆపింది. ఆ తర్వాత మూడు రోజులు ఎవరినీ బెదిరించలేదు. నాకు భయం పట్టుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మేము ఆటలో ఉన్నాం. సందూక అతని పక్కనే ఉంది, ఈసారి బట్టలు సర్ది. అత్త వచ్చి నిలబడి, గొంతు పెంచకుండా అంది: "పో కొడుకా. గని గీసారి నేను దర్వాజకు గడె పెట్టుకుంట."

మరిది మోకాలు ఆగిపోయింది. చేతిలోని రాయిని గడిలో వేయకుండా పక్కన పెట్టాడు. తర్వాత లేచి, సందూకను తానే అటక ఎక్కించాడు. నా వైపు తిరిగి, "మంచిగ నేర్పినవ్ వదినా" అన్నాడు.

నేను సంతోషించాను, అబద్ధమెందుకు. అత్తకు కొడుకు దక్కాడు. కానీ అతను మళ్ళీ నాతో ఆడలేదు. పెళ్ళి చేసుకున్నాడు, సేద్యం చేశాడు, బాటవైపు చూస్తూనే ముసలివాడయ్యాడు. అత్త చనిపోయిన ఏడు, ఇల్లు ఊడుస్తూ ఆ ఇనుప గడియను ఊరికే లాగి చూశాను. ఎన్నేళ్ళుగానో తుప్పుపట్టి బిగుసుకుపోయి, వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆ రోజు నాటికే అది పడదని అత్తకు తెలియకుండా ఉంటుందా? మరిదికి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ధైర్యం రాలేదు, ఇప్పుడు అతనూ లేడు. ఆటలో ఒక్కసారి వేరేచోట వేసి వస్తే పోయిన జాగా మళ్ళీ అందుతుంది. నేను ఇన్ని ఏండ్లు వేరేచోట్లనే వేస్తూ వచ్చాను, ఆ మధ్యాహ్నం మాత్రం తిరిగి చేతికి రాలేదు.