ఒమెల్కో తాత ఎడమ మడమ

మా ఊరి ఒమెల్కో తాత ఎడమ మడమకి రేడియేషన్ తెలుస్తుంది. ఈ మాట నాది కాదు, ఆయనదే. పెళ్ళిళ్ళలో, చర్చిలో, బస్సులో, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. చెర్నోబిల్ పేలి ఏడేళ్ళయినా మా అడవిలో పుట్టగొడుగులు ఏ పాపమూ ఎరగనట్టు నిగనిగలాడుతూ మొలిచేవి. బుట్ట కనబడితే చాలు, తాత బూటు విప్పి మడమ ఆనించేవాడు. ఆ తర్వాత వాటిని ఎలాగూ ఎవరూ తినరనుకోండి.

తీర్పు మాత్రం వెంటనే రాదు. "మడమ ఆలోచించుకోవాలి, శుక్రవారం రండి" అనేవాడు. పైగా దోసెడు పుట్టగొడుగులో, అర లీటరు పాలో ఉంచేసి వెళ్ళాలి.

"మడమ పాలు కూడా తాగుతుందా తాతా?" అని వెక్కిరించేదాన్ని. ముసలాడికి తిండి యావ అని నా గట్టి నమ్మకం.

టౌను డాక్టరమ్మ ఓసారి నచ్చజెప్పబోయింది. "రేడియేషన్‌కి రంగూ వాసనా రుచీ లేవు. మనిషికి తెలిసే అవకాశమే లేదు."

"మనిషికి తెలుస్తుందని ఎవరన్నారు? మడమకి అన్నాను."

పక్కింటి పరాస్క అత్త ఆవు అడవి పక్క పచ్చికలో మేసేది. నాలుగేళ్ళ మనవరాలికి ఆ పాలే ఆధారం. టౌనులో రేడియేషన్ కొలిచే మిషన్ దగ్గర పాలు పరీక్ష చేయిద్దామంటే అత్త నామీద విరుచుకుపడింది. "పేలినప్పుడు సర్కారువాళ్ళు ఏమీ కాలేదన్నారు. ఇప్పుడేమో ఏమీ తినొద్దంటున్నారు. వాళ్ళ మిషన్‌ని నేను నమ్మను!" ఆ పిల్లని చూస్తే నాకు భయమేసేది.

మడమకి మాత్రం అత్త అర లీటరు భక్తిగా సమర్పించింది. శుక్రవారం తాత బూటు చేత్తో పట్టుకుని కుంటుతూ వచ్చాడు. "మడమ మండిపోతోంది పరాస్కా! ఆవుని మిట్ట మీదికి తోలు. పాలు బాగుపడేదాకా పాపకి మా మేకపాలు పంపిస్తాను." అత్త సిలువ గీసుకుని ఆ పూటే తోలింది.

ఆకులు రాలే కాలంలో ఓ గురువారం పుట్టగొడుగులు అమ్ముకుందామని టౌను సంతకెళ్ళాను. అక్కడ మిషన్‌తో పరీక్షించాకే అమ్మనిస్తారు. మిషన్ దగ్గరి అమ్మాయి నా ఊరు పేరు వినగానే నవ్వింది.

"ఒమెల్కో తాత ఊరా! ప్రతి గురువారం వస్తాడు. ఊరందరి సీసాలకీ తలో రంగు దారం కట్టి తెస్తాడు. ఎర్రదారం పాలు ఇవాళ బాగున్నాయంటే నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు."

తిరుగు బస్సులో తాత ఖాళీ సీసాల మధ్య కూర్చున్నాడు. ఒకదానికి ఎర్రదారం ఉంది. నాకు సిగ్గేసింది, ముద్దూ వచ్చింది.

"మడమ ఎలా ఉంది తాతా?"

నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. "చెప్పకే తల్లీ. మిషన్ చెప్పిందని తెలిస్తే పరాస్క ఆవుని మళ్ళీ అడవి పక్కకే తోలుతుంది."

మర్నాడు అత్త గుమ్మంలో బూటు విప్పాడు. "చల్లగా ఉంది. ఇక పాపకి మీ ఆవుపాలే తాగించు."

అత్త నా వైపు తిరిగింది. "చూశావా? మిషన్ అంటావు!"

"నిజమే అత్తా, మడమే గొప్ప" అన్నాను.

ఆ తర్వాతి గురువారం నుంచి సీసాల సంచికి ఒక పిడి ఆయన పట్టుకున్నాడు, ఇంకోటి నేను.