కళ్ళకు తువ్వాలు కట్టుకున్న అయ్యవారు

నేను నాలుగో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. బడి కూడా నా కోసం బెంగపడినట్టు కనపడలేదు. అటువంటి నేను ఒక ఎండాకాలం ఇద్దరు పిల్లలకు రాత నేర్పాను. వాళ్ళు నా పిల్లలే కాబట్టి పారిపోవడానికి వీల్లేకపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో కండక్టరుగా ఉండేవాణ్ణి. నా భార్యకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే జమ్మలమడుగు ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు నెలలు అక్కడే ఉంటే నయమవుతుందని, మధ్యలో ఇంటికి పోతే తిరగబెడుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇల్లు నేను చూసుకుంటాను, ఎవరి సాయమూ అక్కర్లేదని నేనూ గట్టిగానే చెప్పాను. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. వాళ్ళ చేత జాబు రాయించి, బస్సు అక్కడ ఆగినప్పుడు నేనే తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి.

తొమ్మిదేళ్ళ కూతురు మొదటి జాబు బడిలో నేర్పినట్టే రాసింది. "ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీ క్షేమం తెలుపగలవు." నా భార్య కూడబలుక్కుని చదివి, కాగితం మంచం మీద పడేసింది.

"ఇది ఎవురి పిల్లోళ్ళు రాసింది మామా?"

"మన పిల్లోళ్ళే."

"కాదు. ఇట్లాంటి జాబు ఈడ అందరికీ వస్తాండాది. నా బిడ్డలు నన్ను మర్చిపోయినారు. నేనీడ ఉండను, ఇంటికొస్తా."

ఆ మాటకు నాకు ఎగతాళి తోచలేదు. అది నాకు చాలా అరుదు.

ఇంటికొచ్చి పిల్లల్ని కూర్చోబెట్టాను. బస్సులో టికెట్టు కొననివాణ్ణి డ్రైవరుకు చూపించాలంటే "ఒక మనిషి" అంటే చాలదు. "ఎర్ర తలగుడ్డ, చంకలో కోడి, కోడికి ఒక కన్ను లేదు" అనాలి. నా చదువంతా అదే. తువ్వాలు తీసి కళ్ళకు కట్టుకున్నాను.

"మీ అమ్మకు ఇప్పుడు మన ఇల్లు ఇట్లే కనపడతాంది. నేను పోయి నీళ్ళు తాగాల. ఎట్ల పోవాల్నో పలక మీద రాసి చదవండి. రాసింది రాసినట్టు చేస్తా."

ఏడేళ్ళ కొడుకు రాసి చదివాడు: "కడవ వంటింట్లో ఉంది. పోయి తాగు." పోయాను. రోలు మోకాలికి తగిలింది.

"రోలుందని రాయలేదేందిరా?"

"అదెప్పుడూ ఆడనే ఉంటాది గదా నాయనా!"

"నీకుంటాది. చూడలేనోనికి యాడుంటాది?"

తర్వాత కూతురు రాసింది. "గడప దాటి నాలుగు అడుగులు. ఎడమ పక్క రోలు, తగలకుండా పో. కడవ కారుతుంది కాబట్టి నేల తడిగా ఉంటుంది. కాలికి చల్లగా తగిలితే ఆగు." నిజంగానే చల్లగా తగిలింది. చెయ్యి చాపితే చెంబు అందింది.

"ఇంక మీ అమ్మకు రాయండి" అన్నాను. అయ్యవారినయ్యాననే గర్వంలో, ఏం రాశారో చదవకుండానే పట్టుకుపోయాను.

"అమ్మా, నాయన నాకు వేసే జడ ఎద్దుతోక మాదిరి ఒక పక్కకే పోతుంది. నాయన ఉప్పుచట్టిలోనే బెల్లం పెడితే చీమలు పట్టినాయి. చూసుకోకుండా సంగటిలో ఉప్పుకు బదులు వంటసోడా వేసినాడు. నిన్న తమ్ముడు సంగటి ముద్ద గోడకేసి కొడితే కింద పడలేదు. మరక చెయ్యంత ఉంది."

నా భార్య దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నన్ను చూసింది.

"అంతా బాగుండాదంటివే? మా అమ్మన్నా రావల్ల, లేకుంటే నేనన్నా రావల్ల. ఏదో ఒకటి చెప్పు మామా."

వాళ్ళమ్మ పులివెందులలో ఉంటుంది. నేను చేసుకున్నది అక్క కూతురిని. అంటే ఆమె నాకు అత్తా, సొంత అక్కా. నన్ను తిట్టడానికి ఆమెకు రెండు హక్కులు. ఆమె రాకూడదనే ఇన్నాళ్ళూ అంతా బాగుందని చెబుతూ వచ్చాను.

ఇంటికి పోయి కూతురిని నిలదీశాను. "ఇంట్లో సంగతులన్నీ అట్ల రాస్తారా?"

"చూడలేనోళ్ళకు కనపడాలని నువ్వే గదా అంటివి. గోడ మీద మరకుంటే నేనేం చేయల్ల?"

మరుసటి రోజే పులివెందులకు కబురు పంపాను.

అక్క వచ్చి, గోడను చూసి, చేతిలో మూట కూడా దించకుండా మొదలుపెట్టింది. "ఏంరా అబ్బోడా, నువ్వు సంగటి చేస్తాండావా, గోడలు కడతాండావా?"

చీమలకు అందకుండా ఆమె నా చేత తలుపు వెనక ఒక చెక్క కొట్టించి, ఉప్పుచట్టి దాని మీద పెట్టింది. పిల్లలు అదీ రాశారు. అవ్వ నన్ను తిట్టిన తిట్లు కూడా ఒక్కటీ వదలకుండా రాశారు. నా భార్య ఆ జాబులన్నీ దిండు కింద పెట్టుకునేది. ఇంటికొస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగు నెలలూ ఉండి, నయం చేసుకునే వచ్చింది.

వచ్చిన రోజు అన్నం తింటూ పప్పులో ఉప్పు చాలలేదంది. లేచి, ఎప్పుడూ ఉప్పు పెట్టే గూటి వైపు పోలేదు. నేరుగా తలుపు వెనక చెయ్యి పెట్టి చట్టి తీసింది. ఆ చెక్కను ఆమె అంతవరకు చూసి ఉండలేదు. పిల్లలిద్దరూ నా వైపు చూశారు. నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

ఆమె గోడ దగ్గరికి పోయి, అరచెయ్యి మరక మీద పెట్టి కొలిచింది. "చెయ్యంత ఉందని రాస్తివే పాపా, అంత లేదే?"

"తమ్ముని చెయ్యిమా."

"ఎవురి చెయ్యో రాయకుంటే నాకెట్ల తెలుస్తాది?"

మా ఇంట్లో అయ్యవారిని నేనొక్కణ్ణే అనుకోవడం ఆ రోజుతో మానుకున్నాను.